మీగడ కట్టిన శాంపిల్

ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి రెండు దాటింది. రక్తాన్ని వేగంగా తిప్పి విడదీసే సెంట్రిఫ్యూజ్ ఆగాక మూత తీసి పసుపు మూత ట్యూబు పైకి లాగాను. అడుగున గడ్డకట్టిన రక్తం, దాని మీద జెల్, ఆ పైన పసుపుపచ్చగా తేటగా సీరం ఉండాలి. ఉన్నది మాత్రం లేత గులాబీ కలిసిన చిక్కటి పాలు. ట్యూబు ఇటూ అటూ వంచితే గాజు గోడకు పల్చటి పొర అంటుకుని మెల్లగా జారుతోంది.

ఇలాంటప్పుడు నేను ట్యూబు వెనక ఏదైనా అచ్చు కాగితం పెట్టి చూస్తాను. అక్షరాలు చదవగలిగితే ఫర్వాలేదు. అక్షరాలు కాకుండా వరసలు మాత్రమే తెలుస్తుంటే జాగ్రత్తపడాలి. అక్కడ కాగితం ఉందన్న సంగతే తెలియకపోతే ఆ రాత్రికి కుర్చీలో కునుకు కూడా లేనట్టే. ఆ రోజు కాగితం కనబడలేదు. కాగితం వెనక టార్చ్ వేసి చూసినా కనబడలేదు.

రిక్వెస్ట్ ఫారం మీద ఉన్నది రెండే మాటలు: కడుపునొప్పి, వాంతులు. వయసు ముప్ఫై దాటలేదు.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. "అక్కా, రిజెక్ట్ చేసేద్దామా? లైపీమిక్ శాంపిల్, మళ్ళీ పంపండి అని రాసేస్తే సరిపోతుంది కదా" అంది. లైపీమిక్ అంటే కొవ్వుతో తెల్లబడ్డది. తప్పు ఆమెది కాదు. నేను చేరిన కొత్తలో నాకూ అదే నేర్పారు. పగలు పరగడుపున రావాల్సినవాళ్ళు తినేసి వచ్చినప్పుడు ఆ మాట సరిపోతుంది కూడా. పన్నెండు గంటలు ఉపవాసం ఉండి రమ్మంటే మర్నాటికి అదే మనిషి సీరం తేటగా ఉంటుంది. కానీ రాత్రి రెండింటికి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషికి ఇంకో సూది గుచ్చి తెప్పిస్తే వచ్చేది ఏమిటి? మళ్ళీ పాలే. ఆయన వంట్లో పారుతున్నదే అది. మన ట్యూబులో జరిగిన పొరపాటైతే వెనక్కి పంపొచ్చు, రోగాన్ని వెనక్కి పంపితే ఎలా?

"ముందు అన్నీ రన్ చెయ్యి. ఒక్కటీ రిలీజ్ చెయ్యకు" అన్నాను.

రన్ చేస్తే ఇలా వచ్చాయి. సోడియం 128. ఏఎల్‌టీకి (కాలేయం ఎంజైమ్) అంకె లేదు, దాని బదులు ఫ్లాగ్, అంటే మెషిన్ పెట్టే హెచ్చరిక గుర్తు. క్లోమం (పాంక్రియాస్) దెబ్బతింటే పెరిగే అమైలేజ్ 88, అంటే నార్మల్. ఊదా మూత ట్యూబులో చేసిన సీబీసీలో (రక్తకణాల లెక్క) హిమోగ్లోబిన్ 18.6, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 41.5, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 44.8. ఒకే మనిషి, ఒకే చేతి నరం, ఒకే నిమిషంలో తీసిన రక్తం. నాలుగు పరీక్షల్లో ఒక్కటి కూడా నమ్మదగ్గది కాదు. ఇందులో విచిత్రమేమిటంటే నాలుగూ తప్పే గానీ, నాలుగు తప్పులకూ కారణం ఒకటే కాదు. కొవ్వు అడ్డం పడింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ అది అడ్డం పడే తీరు ఒక్కటి కాదు. ఏ తీరులో అడ్డం పడిందో తెలియకుండా తీసేయడానికి దిగితే ఒకటి సరిచేయబోయి ఇంకోటి చెడగొడతాం.

అసలు ఈ తెలుపు ఎక్కడిదో చెప్పుకోవాలి. కొవ్వు రక్తంలో ఒంటరిగా తిరగదు, ప్రోటీన్ తొడుగు వేసుకుని రేణువులుగా తిరుగుతుంది. వాటిలో హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ చాలా చిన్నవి, అవి ఎంత ఉన్నా సీరం తేటగానే ఉంటుంది. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్న మనిషి సీరం చూడ్డానికి అద్దంలా ఉండొచ్చు. తెల్లబరిచేవి పెద్దవాళ్ళు: తిన్నాక పేగులోంచి వచ్చే కైలోమైక్రాన్లు, కాలేయం తయారుచేసే వీఎల్‌డీఎల్‌లో పెద్ద సైజువి. కైలోమైక్రాన్ 70 నుంచి 1,000 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఈ రెండింటి సరుకూ ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్సే. అవి డెసీలీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు దాటితే కంటికి మసక తెలుస్తుంది. వెయ్యి దాటాక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏఎల్‌టీకి అంకె ఎందుకు రాలేదంటే, ఆ పరీక్షలో అనలైజర్ 340 నానోమీటర్ల వెలుగును శాంపిల్ ఎంత మింగిందో చూస్తుంది. ఆ వెలుగును మింగే ఎన్‌ఏడీహెచ్ అనే రసాయనం తరిగే కొద్దీ వెలుగు ఎక్కువగా బయటికి రావాలి, ఆ తరుగుదల వేగమే మనకు కావలసిన జవాబు. కానీ కొవ్వు రేణువులు వెలుగును మింగవు, చెదరగొడతాయి. అనలైజర్‌కు మింగటం, చెదరటం తేడా తెలియదు. అటువైపు చేరలేదంటే మింగిందనే లెక్క. పైగా తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ చెదరటం పెరుగుతుంది, 340 అంటే మరీ కింద. మొదలుపెట్టేసరికే లోపల చీకటి. తరుగుదల చూడ్డానికి చోటే మిగల్లేదు, అందుకే ఫ్లాగ్. నిజానికి ఈ ఫ్లాగ్ మంచి స్నేహితుడు. నాకు చేతకాదు అని ఒప్పుకునే మెషిన్‌తో టెన్షన్ లేదు. అసలు ప్రమాదం నున్నగా అంకె ఇచ్చేసే పరీక్షతోనే.

అలాంటిది సోడియం. దీని గురించి నేను కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇందులో నాకు ఒక పాత మచ్చ ఉంది.

ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. ఇంకో చోట పని చేసేదాన్ని. ఇలాగే ఒక తెల్ల శాంపిల్ వచ్చింది. సోడియం 124. మా దగ్గర 125 కంటే తక్కువ వస్తే వెంటనే ఫోన్ చేసి చెప్పాలన్నది రూల్. నేను చాలా శ్రద్ధగా ఫోన్ చేశాను. టైం రాశాను, విన్న డాక్టర్ పేరు రాశాను, అంకె తిరిగి చెప్పించుకున్నాను. కాయితం ప్రకారం ఒక్క తప్పు లేదు. వార్డులో గాఢ సెలైన్ ఎక్కించడానికి సిద్ధం చేసుకున్నారు. అప్పటికే ఎవరో తీసిన ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) సిరంజి బ్లడ్ గ్యాస్ మెషిన్‌లో పెడితే అందులో సోడియం 138 అని వచ్చింది. "మేడమ్, మీ మెషిన్ కరెక్టా, మా మెషిన్ కరెక్టా?" అని ఆయన ఫోన్‌లో అడిగితే నేను క్యూసీ (మెషిన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే పరీక్ష) పాస్ అయిందని జవాబు చెప్పాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అదృష్టం బాగుండి ఆయన సెలైన్ ఆపేశారు. సోడియం మామూలుగా ఉన్న మనిషికి దాన్ని ఇంకా పెంచి ఉంటే ఏమయ్యేదో నేను తర్వాత చదువుకున్నాను. చదవకపోయినా బాగుండేది. ఆ పేషెంట్ ట్రైగ్లిజరైడ్స్ తొమ్మిది వేలకు పైనే ఉన్నాయని పొద్దున తేలింది.

క్యూసీ పాస్ అయిన మాట నిజమే. మెషిన్‌లో లోపం లేదు. లెక్క ఇదీ: మామూలు ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) 100 మిల్లీలీటర్లలో 93 దాకా నీరు, మిగతా 7 ప్రోటీన్లూ కొవ్వులూ. సోడియం ఉండేది ఆ నీటిలోనే. పెద్ద కెమిస్ట్రీ అనలైజర్లు శాంపిల్‌ను చిటికెడు తీసుకుని, 20, 30 రెట్లు పలుచన చేసి, అప్పుడు ఎలక్ట్రోడ్‌కు చూపిస్తాయి. తీసుకున్న చిటికెడులో 93 శాతం నీరే అన్నది దాని నమ్మకం. కొవ్వు వచ్చి నీటి చోటు ఆక్రమించి 93ను 84 చేస్తే ఆ సంగతి దానికెవరు చెప్తారు?

ఆ రాత్రి ఈ కొత్త అమ్మాయికి ఇదంతా కాకి, కడవ కథతో చెప్పాను. కడవలో ఉప్పునీళ్ళున్నాయి. కాకి గులకరాళ్ళు వేసింది, మట్టం పైకొచ్చింది. నీళ్ళు నాలిక మీద వేసుకుంటే ఉప్పదనం మారలేదు. కానీ ఒక గ్లాసు రాళ్ళతో సహా ముంచి, ఈ గ్లాసులో ఎంత ఉప్పుందో లెక్కెయ్యమంటే తక్కువే వస్తుంది. రాళ్ళు ఆక్రమించిన మేర నీళ్ళు లేవు కాబట్టి. వంట్లోని కణాలకు తెలిసేది నాలిక మీది ఉప్పదనం. మా అనలైజర్ లెక్కేసేది గ్లాసు. బ్లడ్ గ్యాస్ మెషిన్ పలుచన చెయ్యదు, ఎలక్ట్రోడ్‌ను నేరుగా రక్తానికి ఆనిస్తుంది, అంటే నాలిక లాంటిది. అందుకే ఇలాంటి శాంపిల్‌లో సోడియం కోసం కొవ్వు తీసే కష్టం కూడా అక్కర్లేదు, పద్ధతి మారిస్తే చాలు.

డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను. "సార్, శాంపిల్ పూర్తిగా పాలలా ఉంది. సోడియం 128 వస్తోంది గానీ నేను ఇవ్వట్లేదు. ఒక ఏబీజీ సిరంజి పంపిస్తారా?"

"పాలలా అంటే? ట్రైగ్లిజరైడ్సా?"

"చూస్తే వేలల్లోనే ఉండాలి సార్. అంకె అరగంటలో చెప్తాను."

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. "మేడమ్, నేను అమైలేజ్ నార్మల్ వస్తే పాంక్రియాస్ కాదనుకుందామని చూస్తున్నా."

"దాన్ని కూడా నమ్మకండి సార్, కాసేపు ఆగండి."

ఆ ఒక్క ఫోన్ కోసమే రిజెక్ట్ బటన్ నొక్కకూడదంటాను నేను. మేం ఇంకా ఒక్క పరీక్ష కూడా సరిగ్గా చెయ్యలేదు, అయినా ఆ పేషెంట్ గురించి అన్నిటికంటే పెద్ద సంగతి వార్డుకు చేరిపోయింది. ట్రైగ్లిజరైడ్స్ వెయ్యి దాటితే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ప్రమాదం మొదలవుతుంది. తెల్లటి సీరం, కడుపునొప్పి కలిసి వచ్చాయంటే ఆ తెలుపే రిపోర్టు.

సిరంజి వచ్చింది. సోడియం 136.

ఇక కొవ్వు తీసే పని. పుస్తకాల్లో మొదటి పేరు అల్ట్రాసెంట్రిఫ్యూజ్. గురుత్వాకర్షణకు లక్ష రెట్లు, అంతకు మించిన బలంతో తిప్పితే కైలోమైక్రాన్లే కాదు, వీఎల్‌డీఎల్ కూడా పైకి తేలిపోతుంది. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి అదే. అది మా దగ్గర లేదు, చాలా చోట్ల ఉండదు. ఉన్నదల్లా అరచేతి పొడవు కూడా లేని గొట్టాలు తిప్పే మైక్రోసెంట్రిఫ్యూజ్. పది వేల రెట్లు, పదిహేను నిమిషాలు. పెద్ద రేణువులకు ఇది బాగానే పనిచేస్తుంది, వీఎల్‌డీఎల్ ఎక్కువైతే పూర్తిగా లొంగదు. మామూలు సెంట్రిఫ్యూజ్‌లో అదే ట్యూబును ఇంకోసారి తిప్పేవాళ్ళను చూశాను. దానివల్ల ఒరిగేదేమీ లేదు, జెల్ ట్యూబును మళ్ళీ తిప్పితే కింది కణాల్లోంచి పొటాషియం పైకి రావడం అదనపు నష్టం.

ఒకటిన్నర మిల్లీలీటర్ల గొట్టాలు రెండు తీసుకుని ఒక్కోదాంట్లో సీరం సమానంగా పోశాను. ఎదురెదురుగా, మూత బందు బయటివైపుకు ఉండేలా పెడతాను. ఆగాక కొవ్వు ఎటువైపు చేరిందో వెతుక్కోనక్కర్లేదు, బందుకు ఎదురు గోడకే ఉంటుంది. పదిహేను నిమిషాల తర్వాత మూత తీస్తే పైన వెన్నలా గట్టి పొర, దాని కింద కాస్త మసకగా ఉన్నా ఇటునుంచి అటు కనిపించే సీరం.

చెయ్యి తిరగాల్సింది ఇక్కడే. పిపెట్ నేరుగా దించితే టిప్ కొసకు మీగడ అంటుకుని కిందికి వస్తుంది, తీసినదంతా మళ్ళీ కలిసిపోతుంది. గొట్టం కొద్దిగా వంచి, పొర పల్చగా ఉన్న వైపు చూసుకుని, ప్లంజర్ ముందే నొక్కి పట్టుకుని, పొరలోంచి దిగేటప్పుడు ఒక్క బుడగ వదలాలి. ఆ బుడగ టిప్ నోటిని కొవ్వు మూయకుండా కాపాడుతుంది. రెండు బుడగలు వదిలితే కింద ఉన్నది కలిసిపోతుంది. అడుగుకు కొంచెం పైన ఆగి మెల్లగా లాగాలి, ఆత్రం పడకూడదు. బయటికి తీశాక టిప్ బయటివైపు టిష్యూతో తుడిచి, కొత్త కప్పులో వదలాలి. చివరి చుక్కల మీద ఆశ పెట్టుకోకూడదు, చివర్లో వచ్చేది పైపొరే. ఈ అమ్మాయి మొదటి గొట్టంలో ఆ ఆశే పడింది. తేట సీరంలోకి తెల్లటి దారం ఒకటి జారింది. రెండో గొట్టం నేను తీశాను.

తేట సీరం మెషిన్‌లో పెడితే ఏఎల్‌టీకి అంకె వచ్చింది. క్లోమం ఇంకో ఎంజైమ్ లైపేజ్ నార్మల్ పైహద్దుకు మూడు రెట్లకు ఎంతో పైన ఉంది. పాంక్రియాటైటిస్ అనడానికి చూసే గుర్తుల్లో ఆ మూడు రెట్లు ఒకటి. అమైలేజ్ మాత్రం వేరే కథ. కొవ్వు బాగా ఎక్కువున్న పాంక్రియాటైటిస్‌లో అమైలేజ్ నార్మల్‌గా కనబడటం కొత్త సంగతి కాదు, సీరంలో ఏదో దాన్ని అణచిపెడుతుంది. పలుచన చేస్తే ఆ అణచివేత సడలుతుంది. సెలైన్‌తో అయిదు రెట్లు పలుచన చేస్తే 64 వచ్చింది, అంటే 320. పది రెట్లకు 41, అంటే 410. ఏ గొడవా లేని పరీక్షలో ఎన్ని రెట్లు పలుచన చేసినా గుణిస్తే ఒకే అంకె రావాలి. ఇలా మెట్లెక్కినట్టు పెరుగుతూ పోతోందంటే మొదటి 88 అబద్ధమని అర్థం.

నేను ఈ మెట్ల లెక్కలో ఉండగా వెనకనుంచి, "అక్కా, ట్రైగ్లిజరైడ్స్ 640 వచ్చాయి. రిలీజ్ చేసేయనా?" అని వినిపించింది.

నేను వెనక్కి తిరిగి కప్పు చూశాను. తేటగా ఉంది.

పెండింగ్‌లో ఉన్న పరీక్షలన్నీ ఆ తేట సీరం మీదే పెట్టేసింది, పాపం. నేనే కదా ఇది బాగుంది, ఇందులో చెయ్యి అన్నాను. తీసి పారేసిన దాన్నే కొలవమంటే ఏం దొరుకుతుంది? రెండు నిమిషాలు నవ్వుకున్నాం గానీ, నేను అమైలేజ్ మీద ఇంకో అయిదు నిమిషాలు తల దించుకుని ఉంటే 640 అని వార్డుకు వెళ్ళిపోయేది. ఇందాక వేలల్లో ఉంటుందన్న మనిషే 640 పంపితే డాక్టర్ ఏది నమ్మాలి?

తీయకుండా ఉంచిన పాలను బాగా కలిపి (ఇది ముఖ్యం, నిలబెట్టిన ట్యూబులో పైన ఒకలా కింద ఒకలా ఉంటుంది, ప్రోబ్ ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది) సెలైన్‌తో పది రెట్లు పలుచన చేశాం. 486. ఇరవై రెట్లకు 241. అంటే 4,860, 4,820. రెండూ దగ్గరగా ఉన్నాయి, ఇది నమ్మొచ్చు. ఎల్‌డీఎల్ గడిని ఖాళీగా వదిలేశాం. దాన్ని కట్టే 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ లెక్క ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే చెల్లదు.

కొవ్వుతో పాటు పోయేవి ట్రైగ్లిజరైడ్స్ ఒక్కటే కాదు. కొవ్వులో కరిగే మందులు, కొన్ని హార్మోన్లు, ఏ, ఈ విటమిన్లు ఆ పైపొరలోకి చేరి ఉంటాయి. మీగడ పారబోస్తే అవీ పోతాయి.

రసాయనంతో తీసే పద్ధతులకు ఇదే జబ్బు ఇంకోలా ఉంటుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపితే కొవ్వు దిగుతుంది, వెంట ఇమ్యునోగ్లోబులిన్లనే రోగనిరోధక ప్రోటీన్లను కూడా ఈడ్చుకుపోతుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ వాడతారు. కొవ్వును పట్టి అడుగుకు దించే రెడీమేడ్ రీఏజెంట్లు దొరుకుతాయి, వాటితో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీన్) లాంటి కొన్ని ప్రోటీన్ పరీక్షలు చెయ్యకూడదు. పైగా అయిదు వంతుల సీరానికి ఒక వంతు రీఏజెంట్ కలిపినప్పుడు జవాబును 1.2తో గుణించాలని గుర్తుండాలి. రాత్రి మూడింటికి ఆ 1.2 ఎవరికి గుర్తుంటుంది? ఒకప్పుడు ఫ్రియాన్ రకం ద్రావకంతో, అంటే ట్రైక్లోరో ట్రైఫ్లోరోఈథేన్‌తో, కొవ్వు కడిగేవారు. ఓజోన్ పొరను తినేసే రసాయనాల మీద 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చాక అది కనుమరుగైంది. నా మటుకు నేను తిప్పడానికే ఓటేస్తాను. తిప్పితే కొత్తగా ఏమీ కలపం, గుణించాల్సింది లేదు, ఏం పోయిందో కంటికి కనిపిస్తుంది.

ఇక మిగిలింది హిమోగ్లోబిన్. 18.6 అంటే ఎవరైనా వాంతుల వల్ల ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడిందని సరిపెట్టుకుంటారు, కథ కూడా చక్కగా అతుకుతుంది. పట్టించింది ఎంసీహెచ్‌సీ. ఎర్రకణంలో 44.8 పట్టే చోటు లేదు, 36, 37 దాటితేనే అనుమానించాలి. హిమోగ్లోబిన్‌కు మూడు రెట్లు సుమారుగా హెమటోక్రిట్ అన్న పాత లెక్క ప్రకారం 18.6కు 56 ఉండాలి, ఉన్నది 41.5. కణాలను పగలగొట్టి రంగు కొలిచే ఆ గదిలోకి కొవ్వు కూడా వెళ్ళింది, దాని మసకను కూడా మెషిన్ హిమోగ్లోబిన్ ఖాతాలో వేసింది.

దీనికి మేం చేసేది ప్లాస్మా మార్పిడి. ఊదా ట్యూబులోంచి ఒక మిల్లీలీటరు రక్తం చిన్న గొట్టంలోకి తీసి మెల్లగా తిప్పాలి, కణాలు దిగితే చాలు. పైన తేరిన తెల్లటి ప్లాస్మాను 300 మైక్రోలీటర్లు కొలిచి తీసి, సరిగ్గా అంతే సెలైన్ పోసి, తలకిందులుగా మెల్లగా పది సార్లు కలిపి రన్ చెయ్యాలి. ఒకసారికి మసక పోకపోతే ఇంకోసారి. మాకు రెండుసార్లు పట్టింది. 14.1. ఎర్రకణాల కౌంట్ ముందు రన్‌లో ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే, అంటే పోసిన సెలైన్ కొలత తప్పలేదు. ఎంసీహెచ్‌సీ 34.

నాకు ఇంకో సరదా ఉంది, రెండో దారిలో కూడా వెళ్ళి అదే ఊరు చేరానా అని చూసుకోవడం. తీసిన ప్లాస్మాను ఒంటరిగా మెషిన్‌కు ఇస్తే అందులో 7.7 హిమోగ్లోబిన్ ఉందంది. ఎర్రకణం ఒక్కటి లేని పాలలో! రక్తంలో ప్లాస్మా వాటా 58.5 శాతం, అంటే దొంగలెక్క 4.5. 18.6లోంచి తీస్తే 14.1. ఆ అమ్మాయి కాలిక్యులేటర్ నా ముందు పెట్టి రెండుసార్లు నొక్కి చూసుకుంది. ఈ రెండో రన్ నుంచి హిమోగ్లోబిన్, దాని మీద ఆధారపడ్డ అంకెలు తప్ప ఇంకేమీ తీసుకోం. ప్లాస్మాతో పాటు ప్లేట్‌లెట్లు కూడా పోయి ఉంటాయి.

నీలం మూత ట్యూబు కూడా ఉంది. గడ్డ కట్టడాన్ని వెలుగుతో చూసే మెషిన్‌కు గడ్డ ముందా పాలు ముందా తెలియదు. ఇనుప గుండు కదలిక ఆగడం చూసే మెషిన్ ఇంకోటి ఉంది, దానికి రంగుతో పనిలేదు. అందులో పెట్టాం, అయిపోయింది.

మెషిన్లు ఇచ్చే లైపీమియా ఇండెక్స్ (సీరం కొవ్వుతో ఎంత మసకబారిందో చెప్పే అంకె) గురించి ఒక మాట. మంచిదే, మనిషి కన్ను కంటే నిలకడగా ఉంటుంది. కానీ ఇండెక్స్ ఎంత వస్తే ఏ పరీక్ష చెడుతుందన్న హద్దులు కంపెనీలు ఎక్కువగా సీరంలో ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు మందు కలిపి కట్టినవి. దాని రేణువుల సైజు వేరు, మనిషి ఒంట్లోవి వేరు. ఇండెక్స్‌ను చూసి ట్రైగ్లిజరైడ్స్ ఇంత ఉంటుందని చెప్పబోతే పప్పులో కాలేసినట్టే. నేను దాన్ని హెచ్చరిక గంటలాగే వాడతాను.

తెల్లటి శాంపిల్ ఐసీయూ నుంచి వస్తే నేను మొదట అడిగేది వేరే: నరంలో తెల్లటి డ్రిప్ ఏదైనా వెళ్తోందా? కొవ్వు ఎమల్షన్ గానీ, మత్తుకు ఇచ్చే ప్రొపోఫాల్ గానీ (అది సోయా నూనె ఎమల్షన్‌లోనే ఉంటుంది). అదే చేతినుంచి తీసి ఉంటే మేం కొలుస్తున్నది పేషెంట్‌ను కాదు, బాటిల్‌ను. అలాంటిది మాత్రం నిస్సంకోచంగా వెనక్కి పంపుతాను. కొవ్వు డ్రిప్ అయితే ఆపి ఎనిమిది గంటలు ఆగాక తియ్యమంటాం, ఆగలేకపోతే కనీసం ఇంకో చెయ్యి.

నాలుగు దాటాక రిపోర్టు టైప్ చేశాను. మామూలుగా మా వాళ్ళు కింద "శాంపిల్ లైపీమిక్" అని రెండు ముక్కలు పడేస్తారు. దాన్ని చదివి వార్డులో ఎవరైనా ఏం చెయ్యాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. సోడియం ఏ మెషిన్‌లో చేశామో, ఏఎల్‌టీ, లైపేజ్ కొవ్వు తీశాక చేశామని, ట్రైగ్లిజరైడ్స్, అమైలేజ్ తీయకుండా పలుచన చేసి చేశామని, హిమోగ్లోబిన్ ప్లాస్మా మార్చాక వచ్చిందని ఒక్కో వరసకు ఒక్కో వాక్యం రాశాను. కంప్యూటర్‌లో కామెంట్ గడి చిన్నది, అక్షరాలు సరిపోక రెండుసార్లు కుదించాల్సి వచ్చింది. మళ్ళీ ఫోన్ చేసి 4,860 అని చెప్తే డాక్టర్ ఆ అంకెను తిరిగి చెప్పి, ఇంకోసారి అడిగి రాసుకున్నారు.

మిగిలిన పాలు ఒక అర మిల్లీలీటరు ఉన్నాయి. మూత పెట్టి, దాని మీద "పారేయొద్దు" అని రాసి ఫ్రిజ్‌లో నిలబెట్టాను. నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా కదలకుండా ఉంచితే కైలోమైక్రాన్లు పైకి తేలి మీగడ కడతాయి, వీఎల్‌డీఎల్ కింద మసకగానే ఉండిపోతుంది. ఏ పరికరం అక్కర్లేని పాత పరీక్ష. పగటి డ్యూటీ వాళ్ళు ఫ్రిజ్ శుభ్రం చేస్తూ అలాంటివి డబ్బాలో పడేస్తారని భయం, అందుకే ఆ రాత.

మర్నాడు రాత్రి డ్యూటీకి వచ్చి ముందు ఫ్రిజ్ తలుపే తీశాను. ఉంది. పైన వేలిగోరు మందం మీగడ, కింద ఇంకా పల్చని మజ్జిగలా. రెండూ ఉన్నాయన్నమాట. ఆ అమ్మాయి అప్పటికే రిజిస్టర్‌లో ఆ రెండు పొరల బొమ్మ పెన్సిల్‌తో వేసి పెట్టింది, పక్కన కడవ, కడవ మీద కాకి.